అక్క పెళ్లికి శుభలేఖలు చేత్తో వేద్దామనుకుంటున్నాను, 400 కార్డులు సాధ్యమేనా?

రంగులడబ్బీ, మల్కాజిగిరి | డిసెంబరు 4, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఫాల్గుణంలో మా అక్క పెళ్లి. కొట్టులో కార్డులు కొనొద్దు, నేనే వేస్తానని ఇంట్లో మాటిచ్చేశాను. ఎనిమిదేళ్లుగా నీటిరంగులు వేస్తున్నాను. పుట్టినరోజు కార్డులు, బుక్‌మార్కులు, అంచున పూలతీగ ఉన్న ఉత్తరాల కాగితాలు చేసి తెలిసినవాళ్లకు అమ్ముతుంటాను. శుభలేఖ మాత్రం ఇదే మొదటిసారి.

అనుకున్నది ఇదీ: మడత పెడితే ఏ5 సైజు వచ్చే కార్డు, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం. ముందువైపు జనగామ దగ్గర మా అమ్మమ్మ ఇల్లు. పెంకులు, పసుపు రాసిన గడప, వాకిట్లో వేపచెట్టు, చెట్టుకు ఆనించిన తాతయ్య సైకిలు. తాతయ్య పోయి ఆరేళ్లయింది, సైకిలు ఇంకా అక్కడే ఉంది. లోపల విషయం తెలుగులో.

మూడు కార్డులు వేసి చూశాను. ఒక్కోదానికి 40 నిమిషాలు పట్టింది. కావాల్సింది 400. ప్రింటుకి ఇస్తే చేత్తో వేసిన కళ పోతుందని నా భయం. మీరేమంటారు?

---

నీటిచుక్క, సైనిక్‌పురి | డిసెంబరు 4, రాత్రి 11:03

చెల్లీ, ముందు లెక్క చూడు. 400 కార్డులు, 40 నిమిషాల చొప్పున 16,000 నిమిషాలు, అంటే దాదాపు 267 గంటలు. రోజుకి ఆరు గంటలు కూర్చున్నా 45 రోజులు. పంచడానికి పెళ్లికి నెల ముందే కార్డులు చేతికి రావాలి. నీకు ఆ రోజులు లేవు.

నేను మా పిన్ని కూతురి పెళ్లికి 120 వేశాను. మొదటి నలభై ఎంత బాగా వచ్చాయో ఇప్పటికీ గుర్తుంది. డెబ్బై దాటాక మణికట్టు నొప్పి మొదలైంది. చివరి ఇరవై కార్డుల్లో మామిడాకులు ఆకుల్లా లేవు, పచ్చటి గీతలు. ఆ చివరివే మా పెద్దనాన్న వాళ్లకి వెళ్లాయి. ఆయన వాటిని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ గోడ వైపు చూడలేను.

ఒక్క బొమ్మ వెయ్యి. నీకున్న ఓపికంతా దానిమీదే పెట్టు. మిగతావి అచ్చు వేయించి, ప్రతి కార్డు మీదా ఏదో ఒక్కచోట నీ కుంచె తగిలేలా చూడు.

---

ఛత్తాబజార్_పాతకాపు | డిసెంబరు 5, ఉదయం 7:20

బిడ్డా, ముప్పయ్యేండ్లు ప్రెస్సుల పని జేసిన. పైన అక్క జెప్పింది నిజం. అచ్చుకు పోయే ముందు కొన్ని ముచ్చట్లు ఎరుకుండాలె.

ఒకటి, బంగారు రంగు. నీ బొమ్మల ఎక్కడన్న మెరిసే గోల్డ్ పెయింట్ పెట్టినవనుకో, స్కానర్‌కు మెరుపు తెల్వదు. అచ్చుల అది బురద పసుపు లెక్క వస్తది. ఫాయిల్ (మెరిసే రేకు) కొట్టియ్యాలె, లేకుంటే అచ్చయినంక చేత్తో పెట్టుకోవాలె. అసలు బొమ్మల మాత్రం గోల్డ్ పెట్టకు.

ఇంకోటి కాగితం. గరుకు కాటన్ కాగితం మీద డిజిటల్ అచ్చు ఏస్తే టోనర్ (అచ్చు పొడి) గుంతలళ్ల దిగదు, తెల్ల చుక్కలు మిగుల్తయ్. బొమ్మ గరుకు కాగితం మీదనే గియ్యి, ఆ గరుకు స్కాన్‌ల కొంచెం వస్తది, అందమే. అచ్చు మాత్రం నున్నటి అన్‌కోటెడ్ (పూత లేని) కాగితం మీద ఏయించు. అన్‌కోటెడ్ మీద సిరా ఇంకుతది, రంగు కొద్దిగ చల్లవడ్తది. అందుకే ఏ కాగితం మీద 400 ఏస్తరో గదే కాగితం మీద ముందుగాల ఒక ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి, పగటి వెలుతుర్ల సూడు. ట్యూబ్‌లైట్ కింద సూసి ఓకే అనకు.

డిజిటల్ గాక ఆఫ్‌సెట్ అని ఇంకో తీరు అచ్చు ఉన్నది. దాంట్ల రంగుకొక ప్లేటు, నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు. వెయ్యి కార్డులయితే ఆ ఖర్చు తెల్వదు. 400కు డిజిటల్, ఆఫ్‌సెట్ రెండు తీర్ల ధరలు అడుగు.

మా బజార్ల పాత ముచ్చట ఒకటి జెప్త. నేను పన్ల చేరిన కొత్తల ఉర్దూ రుఖ్ఖాలు (పెండ్లి కార్డులు) అన్నీ కాతిబ్‌లే, అంటే చేత్తో అందంగ రాసే పనోళ్లే, రాసెటోళ్లు. రెల్లు కలం సిరాల ముంచి, పెండ్లికొడుకు పేరు రాసేటప్పుడు ఊపిరి బిగవట్టెటోళ్లు. 1990ల నడుమ ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. నస్తాలీక్, అంటే ఉర్దూ రాసే వాలు అక్షరాలు, కంప్యూటర్ల పడ్డయ్. సూస్తుండంగనే కలాలు మూలకు పడ్డయ్. ఇయ్యాల కూడ కొందరున్నరు, పేరు మటుకు చేత్తో రాయించుకునేటోళ్లు వాళ్ల దగ్గరికి పోతరు. తెలుగుల గట్ల రాయించుకునేటోళ్లు నాకు కండ్ల వడలే. నువ్వన్న రాయి బిడ్డా.

---

రంగులడబ్బీ | డిసెంబరు 5, మధ్యాహ్నం 1:45

పెద్దనాన్నా, గోల్డ్ సంగతి చెప్పి కాపాడారు. గడపకి గోల్డే వేశాను! ఈ రాత్రి మళ్లీ వేస్తాను.

నీటిచుక్క అక్కా, కుంచె ఎక్కడ తగలాలో తెలిసిపోయింది. గడప పసుపు. ఆ ఒక్క పట్టీ 400 కార్డులకీ నేనే వేస్తాను. కానీ అచ్చు అయిన కాగితం మీద గువాష్ (చిక్కటి నీటిరంగు) నిలుస్తుందా?

---

నీటిచుక్క | డిసెంబరు 5, మధ్యాహ్నం 2:10

టోనర్ మీద నిలవదు, నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోతాయి. అచ్చుకిచ్చే ఫైల్లో గడప చోటు తెల్లగా వదిలెయ్యి. ఉత్త కాగితం మీద గువాష్ చక్కగా పడుతుంది. ఇంకో మాట, లేత రంగు గువాష్ ఆరాక కొంచెం ముదురుతుంది. తడిమీద చూసి మోసపోకు, ముందు నాలుగు ముక్కల మీద వేసి ఆరబెట్టుకో. 400కీ సరిపడా రంగు ఒకేసారి కలిపి సీసాలో పెట్టుకో. రెండోసారి కలిపితే అదే పసుపు రాదు.

---

డీటీపీ_అక్కయ్య, దిల్‌సుఖ్‌నగర్ | డిసెంబరు 5, రాత్రి 9:30

బొమ్మ గురించి అందరూ చెప్పారు. పెళ్లిళ్లలో గొడవలయ్యేది అక్షరాల దగ్గర, కాబట్టి నేను అక్కడికే వస్తాను.

మా తమ్ముడి పెళ్లి కార్డు చూసిన రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. ఫైలు ఒక చోట తయారైంది, అచ్చు ఇంకో చోట. అక్కడి కంప్యూటర్లో ఫాంటు లేదు, వత్తులన్నీ విడిపోయాయి. పెళ్లికూతురి పేరులో ‘స్వ’ కాస్తా ‘స్‌వ’ అయింది. 500 కార్డులు. మళ్లీ వేయించడానికి సమయం లేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు కానీ, తన పేరు తప్పుగా ఉన్న కార్డు తన పుట్టింటికి వెళ్లింది. ఆ బాధ నాకింకా ఉంది.

మీ కార్డులో ‘శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఫాల్గుణ’ అని వస్తుంది. ‘శ్వా’, ‘త్స’, ‘ల్గు’, మూడూ విడిపోయేవే. అందుకని:

పాత అను ఫాంట్లతో టైపు చేయించకండి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు, ఫాంటు లేని చోట అర్థం కాని గుర్తులుగా మారిపోతాయి. యూనికోడ్‌లోనే చేయండి. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకి వాడుకోవచ్చు. కార్డు లోపలి విషయానికి నాకు సూరన్న ఇష్టం, సన్నగా, పొందికగా ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ని వరల్డ్‌రెడీకి మార్చాలి, లేకపోతే అక్కడా వత్తులు చెదురుతాయి. అంతా సరిచూసుకున్నాక అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అప్పుడు ఏ కంప్యూటర్లో తెరిచినా మారవు.

ఫోన్లో పీడీఎఫ్ చూసి ‘బాగుంది’ అనొద్దు. కాగితం మీద తీసి, ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిచేత పైకి చదివించండి. కళ్లు దాటేసిన తప్పు నోటికి తగులుతుంది.

---

అక్షరాలతోట, చిక్కడపల్లి | డిసెంబరు 6, ఉదయం 6:50

అక్కయ్య చెప్పింది అక్షరాలా పాటించండి. అయినా ఒక్కచోట ఆవిడతో నాకు పేచీ. మొత్తం ఫాంటుకి వదిలేయొద్దు. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’, ఇద్దరి పేర్లు, ఈ రెండైనా చేత్తో రాయండి. చేత్తో వేసిన ఇల్లు ముందువైపు ఉండి, వెనక్కి తిప్పితే ప్రభుత్వ నోటీసులా అక్షరాలుంటే ఆ రెండూ ఒక ఇంటివి అనిపించవు.

ఎలా రాయాలంటే, కావాల్సిన దానికి రెట్టింపు సైజులో, నల్ల సిరాతో, నున్నటి తెల్ల కాగితం మీద. 600 డీపీఐలో స్కాన్ చేసి సగానికి తగ్గించండి. చిన్న వణుకులు సర్దుకుంటాయి. ముందు పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసుకోండి: తలకట్టు గీత, అక్షరం నిలిచే గీత, గుడికి పైన ఒకటి, వత్తుకి కింద ఒకటి. తెలుగులో కొత్తగా రాసేవాళ్లంతా వత్తుకి చోటు వదలరు. ‘స్తు’లో త వత్తు కింది వరుసలోకి దూరిపోతుంది. వరుసల మధ్య ఇంగ్లీషుకి వదిలినదానికంటే బాగా ఎక్కువ చోటు వదలండి.

నా చేతిరాత బాగుండదు అనుకోకండి. అచ్చులో అక్షరాలు అన్నీ ఒకే కొలత. మనిషి రాతలో రెండు ‘శు’లు ఒకేలా ఉండవు. చదివేవాడి కన్ను అక్కడే ఆగుతుంది.

---

డీటీపీ_అక్కయ్య | డిసెంబరు 6, ఉదయం 9:15

తోట గారూ, శీర్షిక, పేర్లు చేత్తో అంటే ఒప్పుకుంటాను. ముహూర్తం, వేదిక చిరునామా మాత్రం ఫాంటులోనే ఉండాలి. ఎనభై ఏళ్ల తాతగారు కళ్లజోడు లేకుండా చదివి బయల్దేరాలి. అక్కడ అందం కంటే అది ముఖ్యం.

---

కాచిగూడ_కోడలు | డిసెంబరు 6, మధ్యాహ్నం 12:30

ఇంత శ్రమ ఎందుకమ్మా? బాపు గారి పెళ్లిబొమ్మ ఒకటి నెట్‌లోంచి తీసి ముందు పెట్టుకోండి. మా ఇంట్లో మూడు పెళ్లిళ్లకి అలాగే చేశాం. అంతకంటే అందమైన పెళ్లికూతురిని ఎవరు గీస్తారు?

---

నాంపల్లి_ప్లీడరు | డిసెంబరు 6, సాయంత్రం 5:40

అమ్మా, ఆ బొమ్మల మీద మీ ప్రేమ నాకూ ఉంది. కానీ ఆ పని వద్దు. మన కాపీరైటు చట్టం, 1957 ప్రకారం చిత్రకారుడి జీవితకాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బాపు గారు 2014 ఆగస్టులో వెళ్లిపోయారు. అంటే 2074 చివరి దాకా. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, ఆయన బొమ్మలకు 2052 చివరి దాకా. ఇంటి పెళ్లికే కదా అంటారు, కానీ వందల కాపీలు అచ్చు వేస్తున్నాం. అనుమతి అడగాలి.

రంగులడబ్బీ గారూ, మీరు కార్డులు అమ్ముతానన్నారు కాబట్టి మీకో మాట. ఒకరు డబ్బిచ్చి మీచేత పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, దాని కాపీరైటుకి మొదటి హక్కుదారు మీరు కాదు, వేయించుకున్నవారు. 17వ సెక్షన్‌లో ఉంది. చాలామంది చిత్రకారులకు ఇది తెలియదు. రేపు ఎవరి పెళ్లికైనా ఒక తోరణం వేసి, అదే తోరణాన్ని గ్రీటింగ్ కార్డుగా అమ్మాలనుకుంటే ఇబ్బంది పడతారు. ఆర్డరు తీసుకునేటప్పుడే రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టించుకోండి: ‘బొమ్మ కాపీరైటు చిత్రకారిణిదే. ఈ పెళ్లి కార్డులకు, దానికి సంబంధించిన అచ్చులకు మాత్రమే వాడుకోవచ్చు.’ అంత చాలు.

---

నీటిచుక్క | డిసెంబరు 6, సాయంత్రం 6:25

ప్లీడరు గారూ, పన్నెండేళ్లుగా ఆర్డర్లు చేస్తున్నాను, ఈ సంగతి ఈరోజే తెలిసింది. చేతులెత్తి దండం.

---

జనగామ_అల్లుడు, ఉప్పల్ | డిసెంబరు 7, ఉదయం 10:05

అమ్మమ్మది జనగామ వైపు అన్నరు. చేర్యాల అక్కడికి దగ్గరే. అక్కడి నకాషి పటాల బొమ్మల తీరుగ పెండ్లి ఊరేగింపు గీస్తే ఎట్లుంటది? ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్, పెద్ద కండ్లు, పక్క నుంచి కనవడే ముఖాలు. కార్డుకు మస్తుంటది.

---

అక్షరాలతోట | డిసెంబరు 7, ఉదయం 11:30

బాగుంటుంది, సందేహం లేదు. అయితే అది నేర్చిన కుటుంబాలు ఇంకా చేర్యాల్లో, హైదరాబాద్‌లో పని చేస్తున్నాయి. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పూతలు పట్టించి, ఆరబెట్టి, అప్పుడు గీస్తారు. ఒకప్పుడు ఆ పటాలు విప్పుకుంటూ ఊరూరా కులపురాణాలు చెప్పేవారు. దానికి భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు కళేనని చట్టం ఇచ్చే గుర్తు) కూడా ఉంది. మనం రెండు సాయంత్రాలు నెట్‌లో చూసి ఆ తీరు గీసేకంటే, నిజంగా అదే కావాలంటే వాళ్లచేతే ఒక పటం వేయించుకుని, వాళ్ల ఒప్పుదలతో దాన్ని స్కాన్ చేయించి కార్డు మీద అచ్చు వేసుకోవచ్చు. పెళ్లయ్యాక పటం ఇంట్లో ఉంటుంది, గీసినవారి పేరు కార్డు వెనక చిన్నగా వేయొచ్చు.

రంగులడబ్బీకి తన ఇల్లు ఉంది. ఆ సైకిలు ఎలా వంగి ఉంటుందో తనకి తెలుసు. తను అదే గీయాలి.

---

తపాలా_బాబాయి, రిటైర్డు | డిసెంబరు 7, సాయంత్రం 4:00

అమ్మాయీ, బొమ్మలు నాకు తెలియవు. ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు తూచినవాణ్ని. బరువు చెబుతాను.

ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. 300 జీఎస్‌ఎం అయితే ఒక ఏ4 18.75 గ్రాములు. మీ మడత కార్డు విప్పితే ఏ4 కదా, అంటే కార్డే దాదాపు 19 గ్రాములు. దాని మీద కవరు ఎనిమిది గ్రాములు వేసుకోండి. మామూలు ఉత్తరం మొదటి శ్లాబు 20 గ్రాములు. ప్రతి కార్డూ రెండో శ్లాబులో పడుతుంది. తపాలా బిళ్లలు చాలకపోతే అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తాం. శుభలేఖకి చుట్టాలు డబ్బు కట్టడం బాగుండదు.

మడత తీసేసి ఒకే రేకు చేయండి, రెండువైపులా అచ్చు. ఏ5 రేకు తొమ్మిదిన్నర గ్రాములు, కవరుతో 18 లోపే.

కవరు మీద లక్క ముద్రలు, ముత్యాల దండలు అంటించకండి. ముద్ర వేసే యంత్రంలో చిక్కుకుంటాయి, కార్డు చిరుగుతుంది. అవి చేత్తో ఇచ్చేవాటికి ఉంచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి దూరం చుట్టాలకి భద్రంగా చేరాలంటే స్పీడ్ పోస్టే. మై స్టాంప్ అని ఒక పథకం ఉంది, మీ బొమ్మతోనే తపాలా బిళ్లలు వేసిస్తారు. అమ్మమ్మ ఇల్లు బిళ్ల మీద కూడా రావొచ్చు. అబిడ్స్ జీపీఓలో (పెద్ద తపాలా ఆఫీసులో) అడగండి.

---

రంగులడబ్బీ | డిసెంబరు 7, రాత్రి 9:50

బాబాయ్ గారూ, ఇంట్లో తూకం మీద పెట్టి చూశాను, మీ లెక్క తు.చ. తప్పలేదు. మడత తీసేస్తున్నాను. బిళ్ల సంగతి వినగానే అమ్మ కళ్లు మెరిశాయి.

ఇంకో చిక్కు. నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టాలి కదా. కాటన్ కాగితం మీద పసుపు పాకిపోతోంది.

---

కాచిగూడ_కోడలు | డిసెంబరు 7, రాత్రి 10:20

ఇది నాకు వదిలెయ్ తల్లీ. నీళ్లు తక్కువ పోసి పసుపుని అట్ల పిండిలా కాదు, గారెల పిండిలా గట్టిగా కలుపు. వేలి కొసతో మూలకి అంతే, రుద్దకు. పేపరు మీద పరిచి బాగా ఆరాకే కవర్లో పెట్టు. తడి మీద పెడితే కవరు వెనక మరక దిగుతుంది. కుంకుమ పసుపు ఆరాక. మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టాకే మిగతావి.

బాపు బొమ్మ సంగతి తెలియక చెప్పాను. ఇక చెప్పను.

---

రంగులడబ్బీ | ఫిబ్రవరి 8, రాత్రి 11:15

ఆలస్యానికి క్షమించండి. కార్డులు పంచడం మొదలైంది. ఫొటోలు కింద పెట్టాను.

ఇల్లు ఆరుసార్లు వేశాను. ఆరోది తీసుకున్నాం. ఇంట్లోవాళ్ల కోసం, మరీ దగ్గరి పెద్దవాళ్ల కోసం 24 కార్డులు పూర్తిగా చేత్తో వేశాను, మిగతా 376 అచ్చు. ప్రూఫ్ మొదటిసారి వేపాకులు నీలంగా వచ్చాయి, రెండోసారి సరిపోయింది. పగటి వెలుతురులో చూడమన్నందుకు పెద్దనాన్నకి మళ్లీ మళ్లీ థ్యాంక్స్. రాత్రి చూసినప్పుడు నాకు అంతా బాగానే అనిపించింది.

గడప పసుపు నేనూ అక్కా కలిసి వేశాం. రెండు రాత్రులు, ఒక సీసా రంగు. వందో కార్డు దాటాక అక్క ఏమీ మాట్లాడలేదు. ఏంటని అడిగితే, “ఈ గడప దాటేది నేనే కదే” అంది.

అక్షరాలు. ‘శ్రీరస్తు శుభమస్తు’ నేను పదిహేను కాగితాల మీద రాశాను. ఏదీ నచ్చలేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ కాగితాలు చూసి అమ్మమ్మ కలం అడిగింది. ఆమెకి 81. నాలుగో తరగతి దాకా చదివింది, తాతయ్యకి ఉత్తరాలు రాసేదట. పెద్ద సైజు కాగితం ఇచ్చాను, నాలుగు గీతలు గీసి పెట్టాను. ఒక్కసారే రాసింది. ‘వి’ గుడి గీత దాటి పైకి పోయింది. ‘ఘ్న’ వత్తు కొంచెం పక్కకి ఒరిగింది. డీటీపీ అక్కయ్యా, మన్నించండి, దాన్ని సరిచేయలేదు, అలాగే అచ్చుకిచ్చాను. ముహూర్తం, చిరునామా మాత్రం సూరన్నలోనే, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.

---

డీటీపీ_అక్కయ్య | ఫిబ్రవరి 9, ఉదయం 8:02

సరిచేసి ఉంటే నేనే తిట్టేదాన్ని. ‘విశ్వావసు’ చక్కగా వచ్చింది, ముందు అదే చూశాను.

---

ఛత్తాబజార్_పాతకాపు | ఫిబ్రవరి 9, ఉదయం 8:40

అమ్మమ్మ రాసిన అసలు కాగితం పారెయ్యకు బిడ్డా. స్కాన్ ఉన్నదని పారేస్తరు. ఎండ తగలని కాడ, రెండు తెల్ల కాగితాల నడుమ పెట్టు. సెల్లో టేప్ అంటియ్యకు, పదేండ్లకు పచ్చగయ్యి కాగితాన్ని తింటది.

---

జనగామ_అల్లుడు | ఫిబ్రవరి 9, ఉదయం 11:25

మా చెల్లె పెండ్లి వైశాఖంల ఉన్నది. 150 కార్డులు. మీరు ఆర్డరు తీసుకుంటరా? ప్లీడరు సాబ్ జెప్పిన రెండు వాక్యాల మీద సంతకం నేనే ముందు పెడ్త.

---

రంగులడబ్బీ | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12:50

తీసుకుంటాను అన్నా. ఇల్లు ఒకసారి చూపించండి, పగటిపూట.